కాలువగట్టు నడక: ముదిమిలో శ్రమ, రక్తములో కొవ్వు

వయస్సు మీరినవారికి వైద్యులు నేడు తరచుగా చెప్పు మాటలు రెండు కలవు. రక్తములో కొలెస్టరాలు ఎంత యున్నదో పరీక్ష చేయించుకొనవలెననునది మొదటిది. దినమునకు అరగంట యైనను నడువవలెననునది రెండవది. ఈ రెండు మాటలకును గల సంబంధమేమి? నడక వలన రక్తములోని కొవ్వు ఎంతవరకు మారును? ఎంతవరకు మారదు? ఇవి వైద్యశాస్త్రమునకు చెందిన ప్రశ్నలే. అయినను వీని వెనుక ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రను మన నెల్లూరు తీరము నుండి చూచినచో సులభముగా బోధపడును. ఏలయన, ఇచ్చటి జనులలో అధిక సంఖ్యాకులకు ఒకప్పుడు ఒళ్లు వంచకుండ బ్రతుకుట సాధ్యము కాకుండెను. నేడు అది సాధ్యమైనది. ఈ మార్పు మూడు నాలుగు తరములలోనే జరిగిపోయినది.

తడ మొదలుకొని రామాయపట్టణము వరకు సముద్రమునకు ప్రక్కగా పోవు బకింగుహాము కాలువను ఎరుగనివారు ఈ తీరమున లేరు. 1806లో బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు మద్రాసు నుండి ఎన్నూరు వరకు త్రవ్వించిన చిన్న కాలువ దానికి మొదలు. 1837లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొనెను. తరువాత అది ఉప్పుటేరులను, మడుగులను కలుపుకొనుచు ఉత్తరముగా సాగి, దుగరాజపట్టణమును, కృష్ణపట్టణమును దాటి, పందొమ్మిదవ శతాబ్దము ముగియక మునుపే పెద్దగంజాము చేరెను. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు దానికి 1878లో వచ్చినది. పెద్దగంజాము నుండి తమిళదేశములోని మరక్కాణము వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు.

ఈ కాలువ మీద బియ్యము, ఉప్పు, గుల్ల, వంటచెరకు మద్రాసునకు పోవుచుండెను. గాలి అనుకూలించినపుడు పడవవారు తెరచాప ఎత్తుదురు. గాలి లేనిచో గడ వేయుదురు. గడయు చాలనిచోట ఇద్దరు ముగ్గురు గట్టున దిగి, నడుమునకు తాడు బిగించుకొని, ముందునకు వంగి పడవను లాగుకొని పోవుదురు. తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకు వరకు అదే నడక. వారికి అది వ్యాయామమని తోచలేదు. కూలి యని మాత్రమే తోచినది.

ఇట్టి శ్రమయంతయు ఆరోగ్యప్రదమని భ్రమపడరాదు. ధాత, ఈశ్వర నామ సంవత్సరముల కరువులో, అనగా 1876 మొదలు 1878 వరకు, మద్రాసు రాజధానిలో లక్షలాది జనులు కరువు పనులకు పోయిరి. మద్రాసు నగరములో కూవం, అడయారు నదుల నడుమ ఈ కాలువను కలిపిన త్రవ్వకమును ఆ కరువు పనులలోనే జరిగినది. 1877లో సర్ రిచర్డు టెంపిల్ అను అధికారి పని చేయు మగవానికి దినకూలి యొక పౌను ధాన్యము, ఒక అణా యని నిర్ణయించెను. ఒక పౌను అనగా సుమారు 450 గ్రాములు. మట్టి త్రవ్వి మోయువానికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. పిమ్మట ఆ కూలి పెంచబడెను. ఈ వాదము మన విషయమునకు మిక్కిలి అవసరము. శరీరమునకు మేలు చేయు శ్రమకును, శరీరమును కరగదీయు శ్రమకును నడుమ గీత గీయునది ఆహారమును విశ్రాంతియునే. తినుటకు లేనివాని కష్టమును వ్యాయామమని మెచ్చుకొనుట న్యాయము కాదు.

కాలువ దాటి తూర్పునకు పోయినచో పట్టపువారి పల్లెలు వచ్చును. అచ్చట తెప్పలు కట్టుట, విప్పుట, ఇసుక మీదకు లాగుట నిత్యకృత్యములు. అలివి వలను అర్ధచంద్రాకారముగా కడలిలో పరచి, రెండు కొసలను ఒడ్డున నిలిచిన రెండు జట్లు లాగును. పదుల కొలది చేతులు పడనిది ఆ వల ఒడ్డునకు రాదు. కడలి మీదకు పోలేని ముసలివాడును తాడు పట్టుకొనును; తాడు పట్టినవానికి కొంత పాలు దొరకును. ఆడువారు గంపలు తలకెత్తుకొని మెట్ట గ్రామములకు నడచిపోయి చేపలు అమ్ముదురు. ఇసుకపల్లి, కృష్ణపట్టణము ప్రాంతముల ఉప్పు మళ్లలో ఎండవేళ ఉప్పు లాగి కుప్పవేయుట మరియొక కష్టము. ఇక ఇండ్లలోనన్ననో రోకలి, తిరగలి, చేదబావి ఉండనే యుండెను. మొలగొలుకుల వడ్లు దంచి బియ్యము చేయు ముదుసలికి చేతులకును, నడుమునకును పని తప్పెడిది కాదు.

అయినచో ఆ తరమువారికి గుండెజబ్బులు లేకుండెనని చెప్పవచ్చునా? అట్లు చెప్పుట తొందరపాటగును. 1951 నాటికి మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. విషూచియు, మలేరియాయు, క్షయయు, కాన్పు బాధలును మనుష్యులను ముందుగనే కొనిపోవుచుండెను. రక్తనాళములలో కొవ్వు పేరుకొనుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లు చూచువరకు బ్రతుకుటయే నాడు కష్టముగా నుండెను. నేడు సగటు ఆయుర్దాయము 70 ఏండ్లకు చేరినది. కనుక ముదిమియందు రక్తనాళముల క్షేమమును గూర్చి చింతించుట దీర్ఘాయువుతో కూడ వచ్చిన బాధ్యత.

ఆయుర్దాయము పెరుగుచుండగనే ఒంటిపని తగ్గుట మొదలైనది. 1899లో మద్రాసు–బెజవాడ రైలుమార్గము పూర్తియైన పిమ్మట కాలువ సరకులు క్రమముగా రైలెక్కినవి. తరువాత లారీలు వచ్చినవి. తుపానులు గట్లను తెంపినవి, పూడిక నిండినది, పడవలు నిలిచిపోయినవి. వడ్ల మర రోకలిని మూలకు చేర్చెను. తెప్పకు బదులు మోటారు బిగించిన ఫైబరు పడవ వచ్చినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట ఆ మార్పు మరింత వేగముగా సాగెను. గంప తలమీద నుండి ఆటోలోనికి ఎక్కినది. 1990 ప్రాంతముల నుండి తీరమంతట రొయ్యల గుంటలు వ్యాపించినవి. 2008లో ప్రారంభమైన నూతన కృష్ణపట్టణపు రేవులో బరువులెత్తు పని యంత్రములదే.

ఇందులో విచారింపదగినది ఏమియు లేదు. మనుష్యుని నడుము నుండి తాడు విప్పబడుట మంచిదే. కాని తాడుతో పాటు నడకయు పోయినది. ఈ నష్టమును కొలుచు విద్య వేరొక దిక్కున పెరుగుచుండెను.

పిత్తాశయపు రాళ్లలో దొరకు తెల్లని మైనము వంటి పదార్థమునకు 1815లో షెవ్రేల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కొలెస్టరీను అని పేరిడెను. గ్రీకు భాషలో దాని అర్థము గట్టిపడిన పిత్తము. 1913లో రష్యా దేశీయుడు అనిచ్‌కోవ్ కుందేళ్లకు ఆ పదార్థమును తినిపించి, వాని ధమనులలో కొవ్వు పేరుకొనుటను చూపెను. 1948లో అమెరికాలోని ఫ్రామింగుహాము అను పట్టణమున 5,209 మంది స్త్రీ పురుషులను ఎన్నుకొని, ఏండ్ల తరబడి వారి రక్తమును, నాడిని, అలవాట్లను పరీక్షింప మొదలిడిరి. రక్తములో కొలెస్టరాలు, రక్తపు పోటు అధికముగా నున్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచున్నదని దాని వలన 1961 నాటికి స్పష్టమైనది.

కొవ్వు నీటిలో కరుగదు. రక్తమో, నీటివంటిది. కావున కాలేయము కొవ్వును మాంసకృత్తుల పొరతో చుట్టి చిన్న చిన్న పొట్లములుగా రక్తములోనికి పంపును. వానిని మన కాలువ పడవలతో పోల్చవచ్చును. ఎల్.డి.ఎల్. అనునవి కొలెస్టరాలును మోసికొని పోయి శరీర కణములకు అందించు పడవలు. అవి మితిమీరినచో సరకు రక్తనాళపు గోడలలో దిగబడి, పూడిక వలె పేరుకొనును. హెచ్.డి.ఎల్. అనునవి మిగిలిన సరకును తిరిగి కాలేయమునకు చేర్చు పడవలు. ట్రైగ్లిసరైడులు అనునవి వేరొక కొవ్వు. అవి కండరములకు వంటచెరకు వంటివి. కొలెస్టరాలు ఎంత యనుటతో పాటు ఏ పడవలో ఎంత యున్నదో తెలిసికొనుటయు అవసరమే.

శ్రమకు సంబంధించిన మొదటి ప్రసిద్ధ పరిశోధన లండను బస్సులలో జరిగినది. 1953లో డాక్టరు జెరెమీ మోరిస్ 35 మొదలు 64 ఏండ్ల వయస్సు గల సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల లెక్కలను ప్రకటించెను. రెండంతస్తుల బస్సులో డ్రైవరు దినమంతయు కూర్చుండును; కండక్టరు మెట్లెక్కి దిగుచుండును. గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చెను. వచ్చినను అంత తీవ్రముగా లేకుండెను. మోరిస్ అంతటితో తృప్తి పడలేదు. 1956లో అతడు ఉద్యోగుల ఉడుపుల కొలతలు తీయించి చూడగా, డ్రైవర్లు ఉద్యోగమున చేరునప్పుడే నడుము లావు గలవారని తేలినది. కనుక భేదమంతయు మెట్ల వలననే కలిగినదని చెప్పుటకు వీలు లేకపోయెను. సత్యమును వెదకువాడు తనకు అనుకూలమైన ఫలితమును కూడ ఇట్లే పరీక్షించుకొనవలెను.

అదే 1956లో జాన్ మేయర్ అను శాస్త్రజ్ఞుడును, అతని బెంగాలీ సహచరులును పశ్చిమ బెంగాలులోని ఒక జనపనార మిల్లులో 213 మందిని పరిశీలించిరి. బరువుపని చేయువారు ఎక్కువగా తినుచుండిరి గాని లావెక్కలేదు. అంగళ్లలో కూర్చుండువారును, కూర్చుండి పనిచేయు గుమాస్తాలును శ్రమకు తగినట్లు తిండి తగ్గించుకొనలేదు, వారు బరువెక్కిరి. మితముగా కదలువానికి ఆకలి సరియైన తూకము చూపును. బొత్తిగా కదలనివాని ఆకలి ఆ తూకము తప్పును. పడవ మానిన ఇంట పూర్వపు కొలతతోనే అన్నము వడ్డించిన యెడల ఏమగునో దీని వలన ఊహింపవచ్చును.

1975లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన మన రేవు పట్టణములకు మరింత దగ్గరిది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో 6,351 మంది కూలీలను డాక్టరు పాఫెన్‌బార్గర్ 22 ఏండ్ల పాటు గమనించెను. బరువులు మోయువారిలో గుండెజబ్బు మరణముల రేటు తేలికపని వారి రేటులో సగమునకు కొంచెము మించి మాత్రమే యుండెను.

శ్రమయే సర్వమని దీనివలన అనుకొనరాదు. 1967లో డాక్టరు మల్హోత్రా మన దేశపు రైల్వే ఉద్యోగుల మరణములను ప్రాంతముల వారీగా పోల్చి చూచెను. దక్షిణమున గుండెజబ్బు మరణములు పంజాబు వారి కంటె సుమారు ఏడు రెట్లు అధికముగా నుండెను. విశేషమేమన, నేయి, పాలు మొదలగు వాని వలన పంజాబు వారు తిను కొవ్వే మనవారి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. 1966 వరకు నెల్లూరు మీదుగా పోవు రైలుమార్గమును సదరన్ రైల్వేలోనిదే. కనుక ఈ ఫలితము మనకు పరాయిది కాదు. తక్కువ నేయి తినుచున్నాము గదా యని దక్షిణాదివారు నిశ్చింతగా నుండుటకు వీలు లేదని అది నాడే హెచ్చరించినది.

పల్లెటూళ్లకు ఈ వ్యాధి రాదను నమ్మకమును తరువాత కూలిపోయినది. 2003–04లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాలో, మరణ కారణములను విచారింపగా ప్రతి నూరు మరణములలో 32 గుండెకును, రక్తనాళములకును సంబంధించిన వ్యాధుల వలననే యని తేలెను. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట 1,13,043 మందిని పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, రక్తములోని కొవ్వులలో ఏదో యొక లోపము గలవారు నూటికి 81 మంది. అంతకు మునుపు 2014లో ఆ పరిశోధకులే ప్రకటించిన మొదటి విడత లెక్కలలో మనవారి ముఖ్య లోపము హెచ్.డి.ఎల్. తక్కువగా నుండుట, తరువాతిది ట్రైగ్లిసరైడులు హెచ్చుగా నుండుట.

నడక మేలు చేయునది సరిగా ఈ రెంటి విషయముననే. కండరములలోని సన్నని రక్తనాళముల గోడలకు ఒక జీవరసము అంటుకొని యుండును. అది ట్రైగ్లిసరైడులను విరిచి కండరములకు అందించును. కండరము పని చేసినపుడు ఆ జీవరసము చురుకు హెచ్చును, ట్రైగ్లిసరైడులు తగ్గును, ఆ క్రమములోనే హెచ్.డి.ఎల్. కొంత పెరుగును. కాని ఈ చురుకు ఒకటి రెండు దినములకు మించి నిలువదు. నెలకొకసారి కొండ ఎక్కుట కంటె నిత్యము కొంతసేపు నడచుట మేలనుటకు కారణమిదియే.

అయితే ఆ మేలు ఎంత? 2007లో జపాను పరిశోధకులు 25 ప్రయోగములను కలిపి లెక్కింపగా, వ్యాయామము వలన హెచ్.డి.ఎల్. సగటున 2.5 మిల్లీగ్రాములు పెరిగినదనియు, ఆ ఫలితము కనబడుటకు వారమునకు కనీసము 120 నిమిషములు అవసరమనియు తేలెను. యాభై దాటినవారిలోను ఇట్టి ఫలితమే కనబడినది. ఇది గొప్ప సంఖ్య కాదు. పైగా మందుతో హెచ్.డి.ఎల్. సంఖ్యను మాత్రము పెంచినంత మాత్రమున గుండెకు రక్షణ కలుగదని 2006లో టార్సెట్రపిబ్ అను మందు ప్రయోగము చూపినది. దానిని సేవించినవారిలో మరణములు హెచ్చగా ప్రయోగము మధ్యలోనే ఆపివేయబడెను. కావున నడక విలువను రక్తపరీక్ష కాగితము మీది ఒక్క అంకెతో తూచరాదు. నడక రక్తపు పోటును తగ్గించును, చక్కెరను అదుపులో నుంచును, పొట్ట కొవ్వును కరగించును, కండబలము నిలుపును, పడిపోకుండ కాపాడును. కొవ్వు మారుట ఈ మేళ్లలో ఒకటి మాత్రమే.

ఎల్.డి.ఎల్. విషయమున నడక చేయునది స్వల్పము. అది కాలేయము పనితీరు మీదను, వంశము మీదను, ఆహారము మీదను ఆధారపడి యుండును. రక్తములోని ఎల్.డి.ఎల్.ను కాలేయ కణములు ఏ విధముగా పట్టుకొనునో కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులకు 1985లో నోబెలు బహుమానము లభించినది. జపాను దేశీయుడు అకిరా ఎండో 1973లో ఒక బూజు నుండి వేరుపరచిన పదార్థము స్టాటిన్ మందులకు మూలమైనది. ఆ తరగతిలో మొదటి మందు 1987లో అమెరికాలో అనుమతి పొందెను. అట్టి మందును వైద్యుడు వ్రాసియిచ్చినపుడు, ఉదయమున నడచుచున్నాను గదా యని దానిని మానివేయుట ప్రమాదము. మందు మ్రింగుచున్నాను గదా యని నడక మానుటయు తప్పే.

నడకకు గల ఈ హద్దును తెలుపు ఉదాహరణము మహాత్మునిది. నెల్లూరికి చేరువను పెన్నానది ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ఆయన 1921 ఏప్రిల్ 7న ప్రారంభించెను. 1930లో ఉప్పు కొరకు సబర్మతి నుండి దండికి 24 దినములలో సుమారు 385 కిలోమీటర్లు నడచునప్పటికి ఆయన వయస్సు 60 ఏండ్లు. జీవితమంతయు నడచిన మనిషి, మితాహారి, బక్కపలుచని దేహము. అయినను 1940లో ఒకనాడు ఆయన రక్తపు పోటు 220/110 ఉండినట్లు భారత వైద్య పరిశోధన మండలి 2019లో ప్రకటించిన ఆరోగ్య పత్రములు తెలుపుచున్నవి. సన్నగా నున్నవారును, చురుకుగా నడచువారును కూడ పరీక్ష చేయించుకొనవలసినదే.

ఇక ఆచరణ మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన సలహా ప్రకారము వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితమైన శ్రమ కావలెను. మాట్లాడుటకు వీలై, పాట పాడుటకు వీలుకానంత వేగము మితమైన వేగమని గుర్తు. 65 ఏండ్లు దాటినవారు వారమునకు మూడు దినములైనను శరీరపు తూకమును, కండబలమును నిలుపు కదలికలు చేయవలెను. కుర్చీలో నుండి చేతులు ఆనకుండ లేచుట కూర్చుండుట అట్టిదే. మన తీరమున గాలిలో తేమ అధికము, ఎండ తీవ్రము. కనుక ప్రాతఃకాలమును సాయంకాలమును తగినవి. మెత్తని పొడి యిసుక మోకాళ్లకు భారము. అల తగిలి గట్టిపడిన ఇసుకయో, చదునైన బాటయో మేలు. చాలకాలము కదలక కూర్చుండినవారు పది నిమిషములతో మొదలిడి క్రమముగా పెంచవలెను. రొమ్ములో నొప్పి, ఆయాసము, కన్నులు తిరుగుట కలిగినచో వెంటనే ఆగి వైద్యుని చూడవలెను.

ఈ విషయమున ఇంటివారి బాధ్యతయు కలదు. పెద్దవారికి పని చెప్పకుండుట మనలో గౌరవముగా భావింపబడుచున్నది. తండ్రి లేవబోగా కుమారుడు "మీరు కూర్చోండి నాయనా" యనును. అత్తగారు చెంబు అందుకొనబోగా కోడలు పరుగున వచ్చును. ఆ ప్రేమను ఎవరు కాదనగలరు? కాని అలివి వల వద్ద ముసలివాని చేతికి తాడు అందించినవారును అతనిని ప్రేమింపనివారు కారు. అతనికి పాలు ఇచ్చిరి, పనియు ఇచ్చిరి. కడుపు కొరకు కష్టపడవలసిన అగత్యము మన పెద్దలకు తప్పినందుకు సంతోషింతము. అంగడికి పోయి కూర తెచ్చుట, మొక్కలకు నీరు పోయుట, మనుమని బడికి నడిపించుకొని పోవుట వంటి పనులను మాత్రము వారి చేతినుండి లాగికొనకుందము.